పారిశ్రామిక బాయిలర్ బర్నర్‌లోని ముఖ్య భాగాలు: ఏది ఏ పని చేస్తుంది, ఏది ముందుగా అర్థం చేసుకోవాలి?

#1 బాయిలర్_శిక్షణార్థి
అందరికీ నమస్కారం. నేను ఆవిరి బాయిలర్ల నిర్వహణ విభాగంలో ఈమధ్యనే చేరాను. మా బాయిలర్ త్రీ-పాస్ ఫైర్‌ట్యూబ్ రకం, అంటే వేడి వాయువులు నీటి మధ్యనున్న గొట్టాల గుండా మూడుసార్లు అటూఇటూ సాగేది. దాని బర్నర్ గ్యాస్‌తోనూ ఆయిల్‌తోనూ నడుస్తుంది. తయారీదారు ఇచ్చిన పుస్తకంలోని విడిభాగాల పటం చూస్తే పేజీ నిండా పేర్లే కనిపిస్తున్నాయి. వాటిలో ప్రధానమైనవి ఏవో, ఏది దేనిమీద ఆధారపడి పనిచేస్తుందో బోధపడటం లేదు.

దీనితోపాటు ఒక సమస్య కూడా ఉంది. గ్యాస్‌తో మొదలుపెట్టినప్పుడు పైలట్ మంట చక్కగా వెలుగుతుంది, ప్రధాన మంట కూడా అందుకుంటుంది, కానీ కొద్ది క్షణాలకే బర్నర్ లాకౌట్ అయిపోతోంది, అంటే భద్రత కోసం తనంతట తానే ఆగి, చేత్తో రీసెట్ చేసేదాకా మళ్ళీ మొదలవదు. ఫ్లేమ్ స్కానర్ చెడిపోయిందని భావించి కొత్తది అమర్చారు, ఫలితం మారలేదు. భాగాల గురించి తెలుసుకుంటూ ఈ సమస్యను కూడా అర్థం చేసుకోవాలని నా కోరిక. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?

#2 ఆవిరి_పాతకాపు
స్వాగతం. విడిభాగాల పటాన్ని ప్రస్తుతానికి మూసివేయండి. ఆ పటం విడిభాగాలు తెప్పించుకోవడానికి గీసింది, పనితీరు నేర్పడానికి కాదు. బర్నర్ ఎదుట నిలబడి, గాలి ఏ దారిన వస్తోందో, ఇంధనం ఏ దారిన వస్తోందో ముందు గుర్తించండి. ఆ రెండు దారులు కలిసే చోటు బర్నర్ హెడ్. మిగిలినవన్నీ ఈ మూడింటికి కాపలా ఉండేవో, వీటిని నడిపించేవో అయి ఉంటాయి.

గాలి దారిలో మొదటిది బ్లోయర్, అంటే మోటారు తిప్పే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్. దాని ముందో వెనుకో గాలి పరిమాణాన్ని మార్చే డ్యాంపర్ ఉంటుంది. దానిని సర్వోమోటార్ తిప్పుతుంది. అక్కడినుంచి గాలి విండ్‌బాక్స్‌లో నిండి, బ్లాస్ట్ ట్యూబ్ గుండా హెడ్‌కు చేరుతుంది. ఫ్యాన్ నిజంగా గాలి ఇస్తోందని ధ్రువీకరించేది ఎయిర్ ప్రెషర్ స్విచ్. మోటారు తిరుగుతున్నంత మాత్రాన గాలి వస్తున్నట్టు కాదు. మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. అయినా గాలి అదే దిశలో వస్తుంది, పరిమాణం మాత్రం బాగా పడిపోతుంది. మోటారు విప్పి బిగించిన ప్రతిసారీ తిరిగే దిశ చూడమని పెద్దలు చెప్పేది ఇందుకే.

గ్యాస్ దారిని గ్యాస్ ట్రైన్ అంటారు. ఆయిల్ దారిలో పంపు, ఫిల్టర్, అవసరమైతే హీటర్, సోలినాయిడ్ వాల్వులు, చివర నాజిల్ ఉంటాయి. ఈ రెండింటి గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

నిప్పు అంటించేది ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్. అది సుమారు 5 నుంచి 10 కిలోవోల్టుల ఒత్తిడితో ఎలక్ట్రోడ్ల మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీలో స్పార్క్ పుట్టిస్తుంది. పెద్ద బర్నర్లలో ఆ స్పార్క్ నేరుగా ప్రధాన ఇంధనాన్ని కాక, చిన్న పైలట్ మంటను వెలిగిస్తుంది. మంట ఉందో లేదో చూసేది ఫ్లేమ్ స్కానర్. అది చెప్పిన మాటనుబట్టి వాల్వులను తెరిచి మూసేది సీక్వెన్స్ కంట్రోలర్. బాయిలర్‌కు చెందిన తక్కువ నీటిమట్టం, అధిక ఆవిరి పీడనం వంటి రక్షణ స్విచ్‌లు బర్నర్‌లో భాగాలు కావు కానీ, వాటిలో ఏది విడిపోయినా ఇంధన వాల్వులు మూతపడేలా ఒకే వరుసలో కలిపి ఉంటాయి.

మీ లాకౌట్ విషయంలో నాదొక్కటే ప్రశ్న: అది సీక్వెన్స్‌లో ఏ మెట్టు దగ్గర జరుగుతోంది? కంట్రోలర్ చూపే కోడ్ రాసి ఉంచారా?

#3 నీలిమంట
పాతకాపు గారు చెప్పిన దారుల పద్ధతి మంచిదే. అయితే నేనైతే హెడ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాను. మిగిలిన భాగాలన్నీ ఉన్నది హెడ్ దగ్గర ఒక భౌతిక సమస్యను పరిష్కరించడానికే కాబట్టి, ఆ సమస్య తెలియకుండా భాగాల పేర్లు ఎన్ని నేర్చుకున్నా కంఠస్థమే అవుతుంది.

సమస్య ఇది. కదలని మీథేన్-గాలి మిశ్రమంలో మంట ముందుకు పాకే వేగం సెకనుకు సుమారు 0.4 మీటర్లు. బర్నర్ హెడ్ గుండా గాలి వెళ్ళే వేగం సెకనుకు పదుల మీటర్లు. లోపలి సుడుల వల్ల మంట వేగం కొంత పెరుగుతుంది కానీ, ఈ తేడాను పూడ్చేంత కాదు. అంటే ఏ ఏర్పాటూ లేకపోతే మంట గాలితోపాటు కొట్టుకుపోవాలి. అలా కొట్టుకుపోకుండా ఆపేది డిఫ్యూజర్. కొందరు దీనిని స్విర్లర్ అంటారు, కొందరు ఫ్లేమ్ స్టెబిలైజర్ అంటారు. మధ్యలో రంధ్రాలు, చుట్టూ వాలుగా చీల్చిన రెక్కలు ఉన్న ఈ పళ్ళెం, అరచేయి అడ్డుపెట్టి దీపాన్ని కాపాడినట్టు, తన వెనుక వేగం తక్కువగా ఉండే చోటును ఏర్పరుస్తుంది. రెక్కల వల్ల గాలి సుడి తిరిగినప్పుడు మధ్యలో పీడనం తగ్గి, కాలిన వేడి వాయువులు కొంత వెనక్కి, అంటే హెడ్ వైపుకే మళ్ళుతాయి. అవి కొత్తగా వచ్చే మిశ్రమాన్ని ఎడతెగకుండా వెలిగిస్తుంటాయి. పైలట్ ఆగిపోయిన తరువాత ప్రధాన మంట తనంతట తాను నిలబడటానికి కారణం ఈ వెనుకమళ్ళింపే.

కాబట్టి గ్యాస్ బయటికి వచ్చే రంధ్రాలకూ డిఫ్యూజర్‌కూ మధ్య దూరం, బ్లాస్ట్ ట్యూబ్ అంచుకూ డిఫ్యూజర్‌కూ మధ్య సందు మిల్లీమీటర్లలో కూడా ముఖ్యమే. డిఫ్యూజర్ వెనక్కో ముందుకో జరిగితే, దాని రెక్కలు వంగితే, వాటి మీద మసి పేరుకుంటే మంట పాదం కదిలిపోతుంది. బయటనుంచి చూసేవారికి మంట ఉన్నట్టే ఉంటుంది. స్కానర్ చూసే చోట మాత్రం ఉండదు.

#4 గేజ్‌గ్లాస్
ఒక సందేహం. బర్నర్ నోటి చుట్టూ ఉండే రిఫ్రాక్టరీ వలయం కూడా మంటను నిలబెట్టడానికే అని చదివాను. దానిని బర్నర్ భాగంగా లెక్కించాలా, బాయిలర్ భాగంగా లెక్కించాలా?

#5 నీలిమంట
దానిని క్వార్ల్ అంటారు. లెక్కకు ఎటు వేసినా, పని మాత్రం బర్నర్ పనే. ఎర్రగా కాగి మంట పాదానికి వేడిని తిరిగి అందించడం, విచ్చుకునే మంటకు ఆకారం ఇవ్వడం, బాయిలర్ ముందుపలకను వేడినుంచి కాపాడటం దాని బాధ్యతలు. ముక్కలు రాలి దాని ఆకారం చెడితే మంట ఒక పక్కకు వాలి ఫర్నేస్ గొట్టాన్ని తాకుతుంది. అక్కడ లోహం మితిమీరి వేడెక్కుతుంది. మంటతో పోలిస్తే చల్లగా ఉండే ఆ గోడను తాకిన మంట కూడా పూర్తిగా కాలకుండానే చల్లబడి కార్బన్ మోనాక్సైడ్‌ను, ఆయిల్ అయితే మసిని కూడా వదులుతుంది. అన్ని బర్నర్లకూ క్వార్ల్ ఉండదు. చాలా ఫైర్‌ట్యూబ్ బాయిలర్లలో బ్లాస్ట్ ట్యూబ్ తలుపు రిఫ్రాక్టరీని దాటి ఫర్నేస్‌లోకి పొడుచుకుని వస్తుంది. అప్పుడు ట్యూబ్‌కూ రిఫ్రాక్టరీకీ మధ్య సందును వేడికి తట్టుకునే దూదితో నింపారా లేదా అన్నది చూసుకోవాలి.

#6 కంట్రోల్_ప్యానెల్
స్కానర్ మార్చినా ఫలితం లేదన్నారు కాబట్టి, స్కానర్ ఏం చూస్తుందో ముందు వివరిస్తాను.

గ్యాస్ బర్నర్లలో ఎక్కువగా వాడేది యూవీ స్కానర్. అందులోని ట్యూబు సుమారు 185 నుంచి 260 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలకు మాత్రమే స్పందిస్తుంది. సూర్యరశ్మికి, ఎర్రగా కాగిన రిఫ్రాక్టరీకి స్పందించదు. ఈ కిరణాలు మంట పాదం దగ్గర, అంటే మొదటి మూడోవంతులో బలంగా ఉంటాయి. మామూలు గాజు వీటిని అడ్డుకుంటుంది. అందుకే స్కానర్ ముందు క్వార్ట్జ్ కటకమే ఉండాలి; దాని మీద నూనె మసక పట్టినా సంకేతం పడిపోతుంది. ఆయిల్ మంటలకు ఇన్‌ఫ్రారెడ్ స్కానర్ కూడా వాడతారు. కాగిన గోడ కూడా ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది కాబట్టి అది వెలుగును కాక, మంటలో మాత్రమే ఉండే మినుకును గుర్తిస్తుంది. చిన్న గ్యాస్ బర్నర్లలో, పైలట్లలో అయనీకరణ కడ్డీ కనిపిస్తుంది: మంటలో ముంచిన కడ్డీకి ఏసీ ఒత్తిడి ఇస్తే, మంట దానిని ఒకవైపు ప్రవాహంగా మార్చి కొద్ది మైక్రోఆంపియర్ల డీసీని పంపుతుంది. కడ్డీ నేలకు తగిలి షార్ట్ అయితే ఏసీయే పోతుంది కానీ డీసీ రాదు కనుక, ఆ లోపాన్ని కంట్రోలర్ మంటగా పొరబడదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం ఇదే.

యూవీ ట్యూబుకు ఒక ప్రమాదకరమైన లక్షణం ఉంది. పాతబడిన ట్యూబు మంట లేకపోయినా ఉన్నట్టే సంకేతం ఇవ్వవచ్చు. ప్రతి ప్రారంభానికి ముందు కంట్రోలర్ 'మంట లేదు కదా' అని పరీక్షిస్తుంది కాబట్టి, రోజుకు ఒకసారైనా ఆగి మొదలయ్యే బర్నర్‌లో ఈ లోపం బయటపడుతుంది. ఆగకుండా నడిచే బర్నర్‌కు మాత్రం, మధ్యమధ్య షట్టర్ మూసి తనను తాను పరీక్షించుకునే స్కానర్ తప్పనిసరి.

మీ లక్షణాలు చూస్తే పైలట్‌ను స్కానర్ చూస్తోంది, ప్రధాన మంట వచ్చాక చూడలేకపోతోంది. స్కానర్ చెడిపోతే పైలట్ దగ్గరే ఆగేది. కంట్రోలర్ మీద సంకేత విలువను పైలట్ సమయంలో ఒకసారి, పైలట్ వాల్వు మూసుకున్న క్షణంలో మరోసారి రాసి ఇక్కడ పెట్టండి.

#7 వాల్వు_వరుస
స్కానర్ మీద నింద వేసేముందు గ్యాస్ పీడనం కూడా చూడాలి. ప్రధాన వాల్వులు తెరుచుకోగానే గ్యాస్ ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, రెగ్యులేటర్ సరిగా స్పందించకపోయినా ఆ క్షణంలో పీడనం కుంగి, తక్కువ పీడన స్విచ్ విడిపోతుంది. అదీ అచ్చం ఇలాగే, మంట కనిపించి ఆగినట్టే ఉంటుంది. అయితే కంట్రోలర్ కోడ్ వేరుగా వస్తుంది.

గ్యాస్ ట్రైన్ వరుస సాధారణంగా ఇలా ఉంటుంది: చేత్తో తిప్పే ఐసొలేషన్ వాల్వు, ఫిల్టర్, పీడన రెగ్యులేటర్, తక్కువ పీడన స్విచ్, ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా రెండు భద్రతా షట్-ఆఫ్ వాల్వులు, చివర పరిమాణాన్ని మార్చే బటర్‌ఫ్లై వాల్వు. ఎక్కువ పీడన స్విచ్ స్థానం తయారీదారునుబట్టి మారుతుంది. రెగ్యులేటర్ డయాఫ్రమ్ చిరిగి అధిక పీడనం కిందికి వస్తే ఆపేది అదే.

షట్-ఆఫ్ వాల్వులు రెండెందుకని కొత్తవారు అడుగుతుంటారు. ఏ వాల్వు అయినా ఎప్పుడో ఒకప్పుడు సీటు మీద చెత్త పడి పూర్తిగా మూసుకోదు. రెండూ ఒకేసారి కారే అవకాశం చాలా తక్కువ. అయితే మొదటిది కారుతున్న సంగతి ఎవరికీ తెలియకుండా ఏళ్ళు గడిస్తే, నిజానికి మిగిలేది ఒకే వాల్వు. అందుకే కొన్ని అమరికల్లో రెండింటి మధ్యనున్న గ్యాస్‌ను బయటికి వదిలే వెంట్ వాల్వు పెడతారు. మరికొన్నింటిలో వాల్వ్ ప్రూవింగ్ ఉంటుంది: మధ్య భాగాన్ని ఖాళీ చేసి కాసేపు చూస్తే, పీడనం పెరిగితే పైవాల్వు కారుతున్నట్టు, గ్యాస్ నింపి చూస్తే, పీడనం తగ్గితే కిందివాల్వు కారుతున్నట్టు. ఒకే ఒక్క పీడన స్విచ్ రెండు వాల్వుల ఆరోగ్యాన్నీ చెప్పేస్తుంది. గ్యాస్ ట్రైన్‌లో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మరొకటి నాకు కనబడలేదు.

#8 బాయిలర్_శిక్షణార్థి
అందరికీ కృతజ్ఞతలు. కోడ్ చూశాను. అది గ్యాస్ పీడనానికి సంబంధించినది కాదు, నడుస్తుండగా మంట పోయిందని చెప్పేది. రెగ్యులేటర్ తరువాతి గేజ్ ప్రధాన వాల్వులు తెరుచుకున్నప్పుడు కొద్దిగా ఊగి మళ్ళీ పాత చోటికే వచ్చింది. సంకేత విలువలు చూడటానికి లాకౌట్‌ను రీసెట్ చేసి మళ్ళీమళ్ళీ మొదలుపెట్టి చూడవచ్చా?

#9 ఆవిరి_పాతకాపు
మళ్ళీమళ్ళీ అనే మాటను మీ నిఘంటువులోంచి తీసేయండి. లాకౌట్ అయిన ప్రతిసారీ కొంత కాలని గ్యాస్ ఫర్నేస్‌లోకి వెళ్ళే ఉంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ప్రారంభానికి ముందు జరిగే పర్జ్ ఉద్దేశం ఇదే: ఫర్నేస్, పొగ మార్గాల మొత్తం ఘనపరిమాణానికి నాలుగు రెట్లో అంతకన్నా ఎక్కువో గాలి పంపి, మిగిలిన గ్యాస్‌ను పొగగొట్టం గుండా తరిమేయడం. గొట్టాల లోపల నీరు, బయట వేడి వాయువులు ఉండే వాటర్‌ట్యూబ్ బాయిలర్లలో గాలి చేరని మూలలు ఎక్కువ కాబట్టి ఎనిమిది రెట్లు కోరే నియమావళులు కూడా ఉన్నాయి. పర్జ్ సమయంలో డ్యాంపర్ నిజంగా తెరుచుకుందని స్విచ్ ధ్రువీకరించాలి. ఆ స్విచ్‌ను తీగతో కలిపేసి, సమయం వృథా అవుతోందని పర్జ్ టైమర్‌ను కుదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి బర్నర్ దగ్గర నిలబడకండి.

కారణం తెలియకుండా రెండోసారి రీసెట్ చేయవద్దు. మీ పై అధికారి సమక్షంలో, పూర్తి పర్జ్ జరిగాక, ఒక్క ప్రారంభంలోనే రెండు విలువలూ రాసుకోండి. తరువాత గ్యాస్ ఐసొలేట్ చేసి, విద్యుత్ తీసి, తాళం వేసి, హెడ్ బయటికి లాగి చూడండి. నీలిమంట గారు చెప్పిన చోటే విషయం ఉంటుందని నాకు అనిపిస్తోంది.

#10 ఫర్నేస్_ఆయిల్
చర్చ అంతా గ్యాస్ చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఆయిల్ వైపు భాగాల గురించి చెబుతాను. డ్యూయల్ ఫ్యూయల్ బర్నర్ కనుక శిక్షణార్థి గారికి ఇవీ కావాలి.

ఆయిల్ ద్రవంగా ఉండగా మండదు. ఆవిరైన తరువాతే మండుతుంది. దానిని త్వరగా ఆవిరయ్యేంత సన్నని తుంపరగా చీల్చడమే నాజిల్ పని. ప్రెషర్ జెట్ నాజిల్‌లో పంపు పీడనమే ఆ పని చేస్తుంది: డీజిల్ వంటి తేలిక ఆయిల్‌కు 10 బార్లు, ఆపైన, చిక్కని ఫర్నేస్ ఆయిల్‌కు 20 బార్లకు పైమాటే. రోటరీ కప్పులో నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే గిన్నె అంచునుంచి ఆయిల్ పలుచని పొరగా విసరబడుతుంది, చుట్టూ వచ్చే గాలి దానిని చీలుస్తుంది. మూడో రకంలో ఆవిరో, కంప్రెస్ చేసిన గాలో ఆయిల్‌ను చీలుస్తుంది.

ప్రెషర్ జెట్‌కు ఒక సహజ పరిమితి ఉంది. నాజిల్ గుండా ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. సగం ఆయిల్ చాలనుకుంటే పీడనం నాలుగోవంతుకు దిగాలి. 20 బార్లనుంచి 5 బార్లకు దిగితే తుంపర బదులు చుక్కలు పడతాయి. అందుకే రెండు, మూడు నాజిల్‌లు పెట్టి ఒక్కొక్కటి తెరవడమో, లోపల ఆయిల్‌ను వేగంగా తిప్పుతూ మిగిలినదాన్ని పంపుకు తిప్పిపంపే స్పిల్ నాజిల్ వాడటమో చేస్తారు.

చిక్కని ఆయిల్‌కు హీటర్ అతి ముఖ్యం. ప్రెషర్ జెట్‌కు నాజిల్ దగ్గర చిక్కదనం సుమారు 15 సెంటీస్టోక్‌ల చుట్టూ ఉండాలి. దానికి ఫర్నేస్ ఆయిల్‌ను దాని రకాన్నిబట్టి 100 డిగ్రీల సెల్సియస్ దాటించి వేడి చేయవలసి వస్తుంది. చల్లగా ఉంటే తుంపర ముతకబారి మసి, పొగ వస్తాయి. మితిమీరి వేడిచేస్తే హీటర్‌లోనే కర్బనం గట్టిపడుతుంది. ఒక మనవి: నాజిల్ రంధ్రాన్ని ఇనుప తీగతో గీకి శుభ్రం చేయకండి. కంటికి కనబడని గీత కూడా తుంపర కోణాన్ని ఒక పక్కకు లాగుతుంది. నాజిల్ మార్చినప్పుడు ప్రవాహం ఒక్కటే కాదు, మీద చెక్కిన తుంపర కోణం కూడా పాతదానితో సరిపోవాలి.

#11 బాయిలర్_శిక్షణార్థి
విలువలు తీసుకున్నాం. పైలట్ మాత్రమే ఉన్నప్పుడు సంకేతం బలంగా, నిలకడగా ఉంది. ప్రధాన మంట వచ్చినప్పుడు కూడా బాగానే ఉంది. పైలట్ వాల్వు మూసుకోగానే సంకేతం ఊగుతూ పడిపోయి లాకౌట్ అయింది.

తరువాత గ్యాస్ మూసి, విద్యుత్ తీసి, తాళాలు వేసి హెడ్‌ను బయటికి లాగాం. డిఫ్యూజర్‌ను పట్టి ఉంచే క్లాంప్ మర వదులై, పళ్ళెం గ్యాస్ రంధ్రాల మట్టంనుంచి వెనక్కి జారి ఉంది. దాని అసలు స్థానపు గీత కడ్డీ మీద ఇంకా కనిపిస్తోంది. ఒక పక్క రెక్కల మధ్య గట్టి మసి కూడా ఉంది. అది ఆయిల్‌తో నడిపినప్పటిదని మా పై అధికారి అన్నారు. శుభ్రం చేసి, పుస్తకంలో ఇచ్చిన కొలత ప్రకారం అమర్చి బిగించాం. ఇప్పుడు మంట నిలుస్తోంది, పైలట్ ఆగాక కూడా సంకేతం నిలకడగా ఉంది. ఇక ఉత్పత్తికి ఇచ్చేయవచ్చా?

#12 నీలిమంట
మంట నిలవడం శుభవార్తే, కానీ ఇంకా ఇవ్వవద్దు. డిఫ్యూజర్ కదిలితే గాలి వెళ్ళే సందు వైశాల్యం మారుతుంది, అంటే డ్యాంపర్ అదే కోణంలో ఉన్నా హెడ్ గుండా వచ్చే గాలి మారుతుంది. పళ్ళెం వెనక్కి జారి ఉన్న కాలంలో ఎవరైనా దానికి తగ్గట్టు డ్యాంపర్‌ను సవరించి ఉంటే, ఇప్పుడు ఆ సవరణ తప్పు అవుతుంది. లో ఫైర్ (అతి తక్కువ మంట) నుంచి హై ఫైర్ (పూర్తి మంట) వరకు ప్రతి బిందువు దగ్గర పొగలోని ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచి సరిచూడాలి.

ఒక ఘనమీటరు మీథేన్ పూర్తిగా కాలడానికి సిద్ధాంతపరంగా 9.5 ఘనమీటర్ల గాలి చాలు. ఆచరణలో కలయిక అంత పరిపూర్ణంగా ఉండదు కనుక అదనపు గాలి ఇస్తాం. గ్యాస్‌పై హై ఫైర్‌లో పొడి పొగలో 3 శాతం ఆక్సిజన్ అంటే సుమారు 15 శాతం అదనపు గాలి. అంతకన్నా ఎక్కువ గాలి ఇస్తే ఆ గాలి వేడిని మోసుకుని పొగగొట్టం ఎక్కిపోతుంది. తక్కువ ఇస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. లో ఫైర్‌లో గాలి వేగం తగ్గి కలయిక మందగిస్తుంది కాబట్టి అక్కడ ఆక్సిజన్ ఎక్కువగా ఉంచక తప్పదు.

చాలామంది పట్టించుకోని సంగతి గాలి ఉష్ణోగ్రత. ఫ్యాన్ ఒకే వేగంతో తిరుగుతున్నంతకాలం ఒకే ఘనపరిమాణాన్ని పంపుతుంది, ఒకే ద్రవ్యరాశిని కాదు. 10 డిగ్రీల గాలితో 15 శాతం అదనపు గాలికి సరిచేసిన బర్నర్ 40 డిగ్రీల గాలితో నడిస్తే, సాంద్రత దాదాపు పదోవంతు తగ్గి, అదనపు గాలి 4 శాతానికి పడిపోతుంది; పొగలో ఆక్సిజన్ 1 శాతం కన్నా దిగుతుంది. ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే కార్బన్ మోనాక్సైడ్ మొదలవుతుంది. కాబట్టి సరిచేసిన రోజు గాలి ఉష్ణోగ్రతను కూడా నివేదికలో రాయండి.

#13 గేజ్‌గ్లాస్
అలాగైతే పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ పెట్టి, దాని ఆధారంగా డ్యాంపర్‌ను సవరించే ఆక్సిజన్ ట్రిమ్ ఉంటే ఇవేవీ అక్కరలేదు కదా?

#14 కంట్రోల్_ప్యానెల్
ట్రిమ్ ఉపయోగకరమే, కానీ దానికి దిద్దే అధికారం పరిమితంగానే ఇస్తారు. సెన్సార్ చెడిపోయి ఆక్సిజన్ ఎక్కువ ఉందని తప్పుగా చెబితే, హద్దు లేని ట్రిమ్ గాలిని మూసుకుంటూ పోతుంది. పైగా పొగ సెన్సార్‌కు చేరడానికి కొంత సమయం పడుతుంది. లోడ్ వేగంగా మారుతున్నప్పుడు ట్రిమ్ ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది. అందువల్ల మూలమైన గాలి-ఇంధన వక్రరేఖ ముందే సరిగా ఉండాలి. ట్రిమ్ దానిపై చిన్న దిద్దుబాటు మాత్రమే.

ఆ వక్రరేఖను నిలబెట్టే పద్ధతులు రెండు. పాత పద్ధతిలో ఒకే సర్వోమోటార్ కడ్డీలు, క్యామ్‌ల ద్వారా డ్యాంపర్‌ను, ఇంధన వాల్వును కలిపి తిప్పుతుంది. కీళ్ళు అరిగేకొద్దీ పైకి వెళ్ళేటప్పుడు ఒక స్థానం, కిందికి వచ్చేటప్పుడు మరో స్థానం వస్తాయి. కొత్త పద్ధతిలో డ్యాంపర్‌కు ఒకటి, గ్యాస్‌కు ఒకటి, ఆయిల్‌కు ఒకటి చొప్పున వేర్వేరు సర్వోలు ఉండి, వాటి కోణాలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే కంట్రోలర్ బర్నర్‌ను ఆపేస్తుంది. ఏ పద్ధతి అయినా ఒక మాట గమనించండి: బటర్‌ఫ్లై డ్యాంపర్ మొదటి 30 డిగ్రీల తిరుగుడులోనే చాలా మార్పు తెస్తుంది, 60 దాటాక దాదాపు ఏమీ మారదు. అందుకే లో ఫైర్ దగ్గర ఒక డిగ్రీ తేడా కూడా పెద్ద తేడా.

#15 బాయిలర్_శిక్షణార్థి
ఎనలైజర్ పెట్టి అన్ని బిందువులూ చూశాం. హై ఫైర్‌లో ఆక్సిజన్ 3 శాతానికి కొద్దిగా పైన, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. లో ఫైర్‌లో మాత్రం ఆక్సిజన్ 8 శాతం దాటింది. నీలిమంట గారు ఊహించినట్టే అక్కడ డ్యాంపర్‌ను ఎవరో బాగా తెరిచి ఉంచారు. మంట నిలుస్తోంది కదా అని దానిని అలాగే వదిలేయాలా, దించాలా అన్నదే ఇప్పుడు మా ఇద్దరి మధ్య వాదన.

#16 నీలిమంట
దించండి, కానీ కొద్దికొద్దిగా. ప్రతి మెట్టు దగ్గర కొలతలు నిలకడకు వచ్చేదాకా ఆగి, కార్బన్ మోనాక్సైడ్ పెరగడం మొదలైన చోటును గుర్తించండి. అక్కడినుంచి తగినంత ఎడం ఉంచి వెనక్కి రండి. తయారీదారు లో ఫైర్‌కు ఒక పరిధి ఇచ్చి ఉంటే దానికి లోబడే ఉండండి. లో ఫైర్ బిందువు మారితే ఇగ్నిషన్ స్థానం కూడా చూసుకోవాలి, రెండూ ఒకటే అయిన బర్నర్లు చాలా ఉన్నాయి. తరువాత పూర్తి పర్జ్‌తో చల్లని స్థితినుంచి ఒకసారి మొదలుపెట్టి, పైలట్ ఆగే క్షణంలో స్కానర్ విలువను మళ్ళీ రాయండి.

#17 ఫర్నేస్_ఆయిల్
ఆయిల్ వక్రరేఖను కూడా విడిగా సరిచూడటం మరువకండి. డిఫ్యూజర్ రెండు ఇంధనాలకూ ఒకటే కాబట్టి, దాని స్థానం మారినప్పుడు నాజిల్ కొనకూ పళ్ళానికీ మధ్య దూరం కూడా మారి ఉంటుంది. రెక్కల మధ్య ఒక పక్కనే మసి ఉందన్నారు. తుంపర కోణం ఆ పక్కకు వాలి ఉండవచ్చు, లేదా నాజిల్ అడ్డంగా బిగించి ఉండవచ్చు. ఆయిల్‌పై నడిపేముందు నాజిల్ తీసి చూడండి.

#18 బాయిలర్_శిక్షణార్థి
నాజిల్ ఈ వారం ఆపివేత సమయంలో తీస్తాం. గ్యాస్‌పై లో ఫైర్‌ను 5 శాతం ఆక్సిజన్ దగ్గర నిలిపాం, చల్లని ప్రారంభం కూడా సజావుగా జరిగింది. విలువలన్నీ గాలి ఉష్ణోగ్రతతో సహా లాగ్ పుస్తకంలో రాశాం, క్లాంప్ మర దగ్గర కొత్త గీత కూడా పెట్టాం.